సరిహద్దు ఊళ్లలో ఆలుమగల జమాఖర్చులు: ఇద్దరికీ తెలిసేలా ఏర్పాటు చేసుకునే పద్ధతి

ఒక ఇంటి డబ్బు ఏర్పాటు సవ్యంగా ఉందో లేదో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. ఇంట్లో లెక్కలు చూసే మనిషి ఈ రాత్రి హఠాత్తుగా విశాఖపట్నం ఆసుపత్రిలో చేరవలసి వస్తే, రెండో మనిషి రేపు ఉదయం ఎవరినీ ప్రాధేయపడకుండా బ్యాంకులో డబ్బు తీయగలరా? బీమా కాగితం ఎక్కడుందో చూపగలరా? ఈ నెల కట్టవలసిన వాయిదాలు ఎన్ని, ఎవరెవరికి అన్నది చెప్పగలరా? ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవారు నాకు అరుదుగానే తారసపడ్డారు. ఒకరిపై ఒకరికి నమ్మకం లేక ఇలా జరగడం లేదు. పెళ్లయిన కొత్తలో ఎవరి చేతికి ఏ పని వస్తే అది వారిదే అయిపోయి, తరువాత దాన్ని ఎవరూ కదిలించకపోవడం వల్ల జరుగుతోంది.

మన ప్రాంతానికి మరో చిక్కు కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీసిన గీతకు ఇటు మనం ఉండిపోయాం, అటు మన చుట్టాలు ఉండిపోయారు. పర్లాకిమిడి కోడలి పుట్టిల్లు పాతపట్నంలోనో టెక్కలిలోనో, బరంపురం కోడలి పుట్టిల్లు ఇచ్ఛాపురంలోనో, రాయగడ కోడలి పుట్టిల్లు పార్వతీపురంలోనో ఉండడం ఇక్కడ సర్వసాధారణం. దానితో ఒకే కాపురానికి రెండు రాష్ట్రాల కాగితాలు, మూడు లిపుల్లో పేర్లు పోగవుతాయి. కాబట్టి ఎక్కడో పెద్ద నగరంలోని జంట కోసం రాసిన సలహాలు మనకు సగమే పనికివస్తాయి.

మొదట అన్నీ ఒకచోట రాయడం

ఖర్చులు ఎలా పంచుకోవాలన్న మాటకు ముందు ఉన్నదేమిటో ఇద్దరూ కలిసి చూడాలి. ఒక రెండొందల పేజీల పుస్తకం తీసుకొని, మొదటి పేజీలో ఇంటికి వచ్చే ప్రతి రాబడినీ, అది ఎవరి పేరిట, ఏ ఖాతాలోకి, ఏ నెలలో వస్తుందో తెలుగులో రాయండి. రెండో పేజీలో అప్పులు రాయండి: బ్యాంకు అప్పు, బంగారం తాకట్టు, సంఘం అప్పు, వారం వారం కట్టే అప్పు, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు, కిరాణా కొట్టులో ఖాతా. మూడో పేజీలో ఆస్తులు: ఖాతాలు, డిపాజిట్లు, బంగారం, చీటీలు, భూమి, బీమా. ఇది ఒక పూటలో తేలే పని కాదు. చాలా ఇళ్లలో రెండో పేజీ దగ్గరే మాట ఆగిపోతుంది. ఎందుకంటే ప్రతివారి దగ్గరా ఎదుటివారికి చెప్పని చిన్న అప్పు ఒకటైనా ఉంటుంది. ఆ పేజీ రాస్తున్నప్పుడు "ఎందుకు చేశావు" అని అడగకూడదన్న నియమం ముందే పెట్టుకోండి. ఎంత, ఎవరికి, ఎంత వడ్డీకి అన్న మూడు ప్రశ్నలు చాలు. కారణాలు మరో రోజు మాట్లాడుకోవచ్చు.

వడ్డీని మాత్రం ఏడాది లెక్కలోకి మార్చి రాయండి. మన ఊళ్లలో "నూటికి రెండు రూపాయలు" అన్నప్పుడు అది నెలకు, అంటే ఏడాదికి నూటికి 24. మూడు రూపాయల వడ్డీ అంటే 36. మాటలో రెండు, మూడు అని చిన్నగా వినిపించే ఈ అంకెలను బ్యాంకులో బంగారంపై ఇచ్చే అప్పు వడ్డీ పక్కన పెట్టి చూస్తే, ముందు ఏది తీర్చాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

పంచుకోవడంలో ఏ పద్ధతి ఎవరికి

ఇద్దరికీ జీతాలున్న ఇళ్లలో, దామంజోడి నాల్కో అల్యూమినియం కర్మాగారంలోనో సునాబెడ హెచ్‌ఏఎల్‌ విమాన ఇంజన్ల కర్మాగారంలోనో ఒకరు, బడిలోనో ఆసుపత్రిలోనో మరొకరు పనిచేసే కుటుంబాలలో, సగం సగం అన్న మాట మొదట న్యాయంగానే తోస్తుంది. లెక్క వేసి చూస్తే అలా ఉండదు. ఆయనకు 30,000, ఆమెకు 20,000 వస్తున్నాయనీ, ఇంటి ఖర్చు 30,000 అనీ అనుకుందాం. చెరి 15,000 వేస్తే ఆయన దగ్గర 15,000 మిగులుతాయి, ఆమె దగ్గర 5,000 మాత్రమే మిగులుతాయి. రాబడిని బట్టి వేస్తే ఆయన 18,000, ఆమె 12,000 ఇస్తారు. మిగిలేవి 12,000, 8,000. రెండో పద్ధతే మేలని నా అభిప్రాయం. ఆమె ఆఫీసునుంచి వచ్చి వంట, పిల్లల చదువు, అత్తగారి మందులు కూడా చూస్తున్నట్లయితే ఆమె వాటా ఇంకా తగ్గించినా తప్పు లేదు. జీతం మారినప్పుడల్లా ఈ వాటాలు మళ్లీ లెక్కించాలి. ప్రసవ సెలవులోనో ఉద్యోగం మానిన కాలంలోనో పాత వాటానే అడగడం అన్యాయం.

ఒక్కరే సంపాదించే ఇంట్లో వాటాల ప్రసక్తి ఉండదు కానీ, అక్కడే జాగ్రత్త ఎక్కువ అవసరం. ఇంటి ఖర్చుకు ఇచ్చే డబ్బు వేరు, ఇల్లాలి సొంతానికి ఇచ్చే డబ్బు వేరు. మొదటిదాంట్లోంచే ఆమె తన చీర, తన ఫోను రీచార్జి, తమ్ముడి పుట్టినరోజు కానుక మిగిల్చుకోవాలన్నప్పుడు పోపుల డబ్బాలో నోట్లు చేరతాయి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆ డబ్బు బయటపెట్టక తప్పలేదు. కొందరు భర్తలు దాన్ని మోసంగా చూశారు. అది మోసం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అడగకుండా ఖర్చు పెట్టుకునే హక్కు లేనిచోట మనిషి దాచుకుంటుంది. మందు సులువైనదే: ప్రతి నెలా ఒకే తేదీన, ఇద్దరికీ ఒకే మొత్తం, లెక్క చెప్పనక్కరలేని సొంత డబ్బుగా ఎవరి ఖాతాలో వారికి పడాలి. అది 500 అయినా సరే, ఇద్దరికీ సమానంగా ఉండాలి.

నేతపని ఇళ్లకు ఈ మాట ఇంకా వర్తిస్తుంది. బరంపురం పట్టు మగ్గం మీద చీర దిగాలంటే దారం చుట్టడం, ఆసు పోయడం వంటి పనులు ఇంటిల్లిపాదీ చేస్తారు. కూలి మాత్రం ఒక్కరి పేరిట వస్తుంది. అది ఇద్దరి సంపాదనే అని పుస్తకంలో రాసుకోవాలి, ఆ విధంగానే పంచుకోవాలి.

రాబడి నెల నెలా రాని ఇళ్లు

ధాన్యం, జీడిపప్పు, వ్యాపారం మీద ఆధారపడినవారికి నెల జీతపు పద్ధతులు నప్పవు. వారు తమకు తామే జీతం ఇచ్చుకోవాలి. ఉదాహరణకు 2024-25లో క్వింటాలు ధాన్యానికి 2,300 మద్దతు ధర, దానిపై ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన 800 కలిపి 3,100 వచ్చింది. 40 క్వింటాళ్లు మండీలో వేసిన రైతుకు 1,24,000. అందులో పెట్టుబడి అప్పు 40,000 తీర్చితే మిగిలిన 84,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. ఆ 84,000 ఒక ఖాతాలో ఉంచి, ప్రతి నెలా ఒకటో తేదీన 7,000 ఇంటి ఖర్చు ఖాతాలోకి దానంతట అదే మారేలా బ్యాంకులో ఆదేశం ఇచ్చి ఉంచండి. సంక్రాంతికి చేతిలో డబ్బు నిండుగా ఉండి, శ్రావణానికి బంగారం తాకట్టుకు వెళ్లే పరిస్థితి దీనివల్ల చాలావరకు తగ్గుతుంది. ధాన్యం డబ్బు రైతుగా నమోదైన మనిషి ఖాతాలోనే పడుతుంది. ఆ నమోదు మామగారి పేరిట ఉంటే, ఏటా అందులోంచి మీ కాపురానికి వచ్చే భాగమెంతో మామగారి సమక్షంలోనే తేల్చుకొని రాసుకోండి.

ఏడాదికొకసారి వచ్చే ఖర్చులను కూడా ఇలాగే పన్నెండుతో భాగించాలి. పండుగలు, బడి ఫీజులు, బీమా వాయిదాలు, పెళ్లిళ్ల కానుకలు, పుట్టింటికి తీసుకెళ్లే సారె కలిపి ఏడాదికి 60,000 అవుతుంటే నెలకు 5,000 పక్కన పెట్టాలి. బరంపురంలో ఉన్నవారు బూఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకొకసారి వస్తుందనీ, ఆ రోజుల్లో శ్రీకాకుళం వైపు బంధువులంతా ఇంటికి దిగుతారనీ తెలిసి కూడా ఆ ఖర్చును ప్రతిసారీ హఠాత్తుగా వచ్చినదానిలా చూస్తారు. దాన్ని ఇరవై నాలుగు నెలలకు పంచండి.

గంజాం జిల్లానుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన భర్త డబ్బు పంపుతుంటే, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతున్నదన్నది ముఖ్యం. అమ్మ ఖాతాలోనో అన్న ఖాతాలోనో వేస్తే ఇల్లాలు ప్రతి ఖర్చుకూ చేయి చాపాలి. ఇంటి ఖర్చు భార్య ఖాతాలోకి, తల్లిదండ్రులకు ఇచ్చేది వారి ఖాతాలోకి వేరువేరుగా పంపితే ముగ్గురి మధ్యా మాటపట్టింపులు తగ్గుతాయి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ సదుపాయంతో తన ఖాతానుంచి నెలకు 15,000 వరకు భార్య చెల్లింపులు చేసే వీలు భర్త కల్పించవచ్చు. అయితే అది ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల అనుమతి మాత్రమే. సొంత ఖాతాకు అది బదులు కాదు.

ఖాతాలు ఎన్ని, ఎవరి పేరిట

మూడు ఖాతాలు చాలు: ఆమెకొకటి, ఆయనకొకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో "ఐదర్ ఆర్ సర్వైవర్" అన్న నిబంధన ఎంచుకోండి. అప్పుడు ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా డబ్బు తీయవచ్చు. ఒకరు పోయినా రెండోవారికి ఖాతా నడుస్తుంది. "జాయింట్లీ" అని ఎంచుకుంటే ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ కావాలి, ఆసుపత్రి వేళ అది ఇబ్బంది. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అయితే మొదటి పేరు గలవారు బతికున్నంతకాలం వారే తీయగలరు. ఇల్లు, కరెంటు, ఫీజులు, వాయిదాలు అన్నీ ఈ ఉమ్మడి ఖాతానుంచే పోవాలి.

ఆమె సొంత ఖాతా మర్యాద కోసం పెట్టేది కాదు. ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబరు 17న ప్రారంభించిన సుభద్ర యోజన కింద 21 నుంచి 60 ఏళ్ల లోపు అర్హులైన మహిళలకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లలో 50,000 వస్తుంది. అది రాఖీ పున్నమికి 5,000, మార్చి 8కి 5,000గా ఆధార్‌తో ముడిపడిన ఆమె సొంత ఖాతాలోకే చేరుతుంది. అది ఆమె డబ్బు. ఇంటి ఖర్చులో కలపాలా, దాచాలా అన్నది ఆమే నిర్ణయించాలి.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చూడండి. ఖాతా ఆమెదే, పాస్‌బుక్ ఆమెదే, కానీ ఖాతాకు ముడిపెట్టిన ఫోను నంబరు ఆయనది. ఓటీపీ ఆయనకు వస్తుంది, డబ్బు వచ్చిన సందేశం ఆయనకు వస్తుంది, యూపీఐ ఆయన ఫోనులోనే తెరుచుకుంటుంది. అలాంటి ఖాతా పేరుకే ఆమెది. ఆమె నంబరు ఇప్పించడానికి ఒక్కసారి బ్యాంకుకు వెళితే చాలు. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేసేవారుంటే ఇదే చేయమంటాను.

స్త్రీధనం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, తరువాత ఆమెకు ఇచ్చిన బంగారం, నగదు, పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి ఆమె సొంతం. భర్త దానికి ఉమ్మడి హక్కుదారు కాడని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులో చెప్పింది, 2024లోనూ అదే చెప్పింది. కష్టకాలంలో భర్త ఆ నగలు వాడుకోవచ్చు కానీ తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆయనపై ఉంటుంది. అందుచేత ఆమె నగ తాకట్టుకు వెళితే, పుస్తకంలోని అప్పుల పేజీలో "ఆమెకు బాకీ" అని బరువుతో సహా రాయండి. చాలా ఇళ్లలో బ్యాంకు అప్పు తీరుతుంది కానీ ఈ అప్పు తీరదు. అసలు ఎక్కడా రాసి ఉండదు.

అప్పుల దగ్గర ఇద్దరి మాట

వారం వారం, నెల నెలా వసూలు చేసే సూక్ష్మ రుణాలు మన జిల్లాల్లో ఎక్కువగా ఆడవారి పేరిటే ఇస్తారు. బండికో కొట్టుకో భర్త వాడతాడు, వాయిదా రోజున గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేది ఆమె. రిజర్వు బ్యాంకు 2022 నియమాల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు రాబడి గల కుటుంబానికి ఇచ్చే ఈ అప్పులకు ఏ తాకట్టూ అడగకూడదు. ఇంటి అప్పులన్నిటి వాయిదాలు కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. సగం అన్నది చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు. ఇంటికి మంచిది మూడో వంతు అని నా సలహా. నియమం ఒకటి పెట్టుకోండి: ఎవరి పేరిట అప్పు వస్తుందో వారి చేతికే డబ్బు ముందు రావాలి, వాయిదా ఉమ్మడి ఖాతానుంచి పోవాలి, రెండోవారి సంతకం మన పుస్తకంలో ఉండాలి.

ఇతరులకు జామీను ఉండేటప్పుడు కూడా ఇద్దరి మాటా కావాలి. అప్పు తీసుకున్నవారు కట్టకపోతే ఇచ్చినవారు నేరుగా జామీనుదారును అడగవచ్చు. ముందు అసలువారిని వెంటాడాలన్న నిబంధన చట్టంలో లేదు. భార్యాభర్తలు కలిసి తీసుకున్న ఇంటి అప్పులోనూ ఒకరు సగానికే బాధ్యులు కారు, మొత్తానికీ ఇద్దరూ బాధ్యులే.

చీటీల గురించి కొంచెం. రిజిస్టరైన చీటీలో నిర్వాహకుడి కమీషను 2019 సవరణ తరువాత చీటీ మొత్తంలో నూటికి 7 దాటకూడదు. ఒడిశా, బెంగాల్‌లలో 2013లో చిట్‌ఫండ్ పేరిట బయటపడిన వ్యవహారాలు నిజానికి చీటీలు కావు, అధిక వడ్డీ ఆశ చూపి జనం దగ్గర వసూలు చేసిన డిపాజిట్లు. పాట ఉండదు, సభ్యుల జాబితా ఉండదు, "ఇంత కడితే ఇంతవుతుంది" అన్న మాటే ఉంటుంది. అలాంటిచోట ఇద్దరిలో ఎవరూ ఒక్క రూపాయీ పెట్టకూడదు. వీధిలో తెలిసినవారు నడిపే చీటీ వేస్తే, ఎవరి దగ్గర, ఎన్ని నెలలు, పాట ఎప్పుడు పాడాలనుకుంటున్నారు అన్నది రెండోవారికి తెలిసి ఉండాలి.

పేర్లు, కాగితాలు, రెండు రాష్ట్రాలు

సరిహద్దు జంటలకు అసలు శ్రమ ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి ఒడియా కార్యాలయాలు చివర రాస్తాయి. పుట్టింటి కాగితాల్లో తండ్రి ఇంటిపేరుతో, ఇక్కడి ఓటరు కార్డులో భర్త ఇంటిపేరుతో, పాస్‌బుక్‌లో పొడి అక్షరంతో ఒకే మనిషి ముగ్గురిలా కనిపిస్తుంది. డబ్బు వేసే రోజున ఎవరూ పట్టించుకోరు, తీసుకునే రోజున ప్రతి అక్షరమూ అడ్డొస్తుంది. కాబట్టి ఒక రూపాన్ని ఎంచుకోండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ అదే అక్షరక్రమం ఉండేలా సరిచేయించుకోండి. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకోవాలన్న చట్టం ఏదీ లేదు; పుట్టింటి పేరే ఉంచుకుంటే సవరణలు సగానికి సగం తగ్గుతాయి. ఏది ఎంచుకున్నా పెళ్లి ధ్రువపత్రం తప్పనిసరిగా చేయించుకోండి. మిగిలిన మార్పులన్నిటికీ అదే ఆధారం.

ఆంధ్ర వైపునుంచి వచ్చిన కోడలి ఆధార్ చిరునామా ఇక్కడికి మారాలి. ఆమె పేరిట ఇక్కడ ఏ చిరునామా పత్రమూ లేకపోయినా, కుటుంబ పెద్ద సమ్మతితో, బంధుత్వం చూపే పత్రంతో మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. తరువాత పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీయించి ఇక్కడి కార్డులో చేర్చాలి. ఒకే ఆధార్ రెండు కార్డుల్లో ఉండకూడదు. ఈ వరుస తప్పితే నెలల తరబడి రెండు చోట్లా పేరు లేకుండా పోతుంది.

వైద్యం విషయంలో ఈ పేర్ల పని మరీ తొందరది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో అమలవుతున్న ఆయుష్మాన్ కార్డు కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షల వరకు చికిత్స ఉంది. మనవాళ్లు పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నమే వెళతారు కాబట్టి, ఏ ఆసుపత్రి ఈ కార్డు తీసుకునే జాబితాలో ఉందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి రాసి ఉంచుకోండి. కార్డు ఉన్నా ప్రయాణానికీ, బసకూ, మందులకూ చేతి డబ్బు కావాలి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు ఉమ్మడి ఖాతాలో కదపకుండా ఉంచాలి.

భూమి కాగితాలు ఒడియాలో ఉంటాయి. ఇద్దరికీ ఒడియా చదవడం రాకపోతే, నమ్మకమైన మనిషి చేత చదివించుకొని, ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, యజమాని పేరు తెలుగులో రాసి ఆ కాగితానికి జతచేయండి. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైటులో పట్టా ఎవరి పేరిట ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. కొత్తగా కొనేవారికి ఒడిశాలో స్టాంపు సుంకం మగవారి పేరిట నూటికి 5, ఆడవారి పేరిట 4; ఆ మిగులు కోసమే కాక, భద్రత కోసం కూడా భార్య పేరు ఉండడం మంచిది. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తం, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడాన్ని 1956 నాటి నిబంధన అడ్డుకుంటుంది. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు చెల్లదు, కట్టిన డబ్బు పోతుంది. భర్త ఒక్కడే మధ్యవర్తి మాట నమ్మి బయానా ఇచ్చేయకుండా, పట్టా ఇద్దరూ చూశాకే రూపాయి కదలాలి.

ఒకరు లేని రోజుకు

నామినీ పేరు రాసినంతమాత్రాన ఆస్తి వారిదైపోదు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. ఎవరికి చెందాలన్నది వీలునామా గానీ వారసత్వ చట్టం గానీ నిర్ణయిస్తుంది. వీలునామా రాయకుండా హిందువైన భర్త మరణిస్తే ఆయన సొంత ఆస్తి భార్యకు, ప్రతి బిడ్డకు, బతికి ఉంటే తల్లికి సమాన భాగాలుగా వెళుతుంది. తల్లి వాటా గురించి చాలామంది భార్యలకు తెలియదు. క్రైస్తవులకు, ముస్లింలకు నియమాలు వేరు కాబట్టి వారు వకీలును అడగాలి. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, ఆ సాక్షులు ఆస్తి పొందేవారు కాకపోవడం మంచిది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాలకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా తల్లి పేరో చెల్లెలి పేరో ఉందేమో చూడండి.

బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండు, ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా), ఇద్దరికీ ఉండాలి. ఒక్కోదానికి 2 లక్షలు వస్తుంది, మొదటిదానిలో చేరే వయసు 18 నుంచి 50, రెండోదానికి 18 నుంచి 70. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. వ్యాపారంలో అప్పులు చేసేవారు మాత్రం తమ జీవిత బీమా పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం 1874 కింద తీసుకోవాలి. అలా తీసుకున్న పాలసీ సొమ్ము భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్లు దానిపైకి రాలేరు. దీన్ని పాలసీ తీసుకునే రోజే ఫారంలో రాయాలి, తరువాత కుదరదు.

పన్ను సంగతి ఒక్క మాట: భర్త తన డబ్బు భార్య పేరిట డిపాజిట్ చేస్తే ఆ వడ్డీని భర్త రాబడిలోనే కలిపి చూపాలి. ఆమె సొంత సంపాదనతో వేసినదైతే ఆమె రాబడి.

నెలకొకసారి కూర్చోవడం

ఇంటి డబ్బు మొత్తాన్నీ ఒకరే పట్టుకొని రెండోవారికి తిండికీ మందులకూ కూడా ఇవ్వనిచోట, నగలు లాక్కునేచోట ఈ పద్ధతులు పనిచేయవు. 2005 గృహహింస చట్టం దాన్ని ఆర్థిక హింసగా గుర్తిస్తుంది. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. మిగిలిన ఇళ్లలో మాత్రం నెలకొకసారి, జీతం వచ్చిన తరువాతి ఆదివారం, పిల్లలు నిద్రపోయాక అరగంట కూర్చుంటే సరిపోతుంది. పోయిన నెల ఖర్చు, ఈ నెల వాయిదాలు, రాబోయే పెద్ద ఖర్చు. ఇరువైపుల తల్లిదండ్రులకు ఇచ్చేది కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి, రెండు వైపులకూ ఒకే కొలతతో ఉండాలి. కొడుకు తన తల్లికి ఇస్తే బాధ్యత, కూతురు తన తల్లికి పంపితే దుబారా అనే లెక్క ఇంట్లో సాగనివ్వకండి. ఒక హద్దు పెట్టుకోండి, 3,000 అనుకుంటే ఆ పైన ఏ ఖర్చైనా ఇద్దరూ అనుకున్నాకే జరగాలి.

ఆరు నెలలకొకసారి పనులు తారుమారు చేసుకోండి. బ్యాంకు పని చూసేవారు కిరాణా, ఫీజుల పని చూడాలి. రెండోవారు పాస్‌బుక్ రాయించుకొని, వాయిదా కట్టి, యూపీఐ చెల్లింపు చేసి రావాలి. మొదటిసారి తప్పులు జరుగుతాయి, సమయం పడుతుంది. పక్కన నిలబడి చేతిలోంచి ఫోను లాక్కోకుండా చెప్పండి. కాగితాలన్నీ ఒక ఫైలులో, పుస్తకంతో పాటు, పిల్లలకు కాస్త వయసొచ్చాక వారికి కూడా తెలిసిన చోట పెట్టండి. పిన్నులూ పాస్‌వర్డులూ మాత్రం ఆ పుస్తకంలో రాయకండి. ఫైలు తీసిన ప్రతిసారీ లోపలి అట్టమీద తేదీ వేసి, ఏ కాగితం బయటికి వెళ్లిందో, ఎవరు తీసుకెళ్లారో రాసి, తిరిగి వచ్చాక కొట్టేయండి.